పాతదాంట్లో ఉన్న ఆ ఒక్క మాట

ఆ ఇంట్లో టీవీ రిమోట్ పనిచేయాలంటే ముందు దాని వీపు మీద రెండు తగిలించాలి. తర్వాత రబ్బరు బ్యాండు సర్దాలి. ఆ తర్వాత సోఫాకి ఎడమ చివరే కూర్చుని, చెయ్యి చాచి, దాన్ని బతిమాలాలి. ఇంకెక్కడ కూర్చున్నా అది మాట వినదు. సౌండ్ పెంచే బటన్ మీద గుర్తు ఎప్పుడో అరిగిపోయింది. తగ్గించే బటన్ మాత్రం ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతుంటుంది. కొత్తది కొనొచ్చుగా అంటే ఇంటి పెద్దాయన "ఇది బాగానే ఉందిగా" అంటాడు. రెండు ముక్కలైతే తప్ప ఆయన లెక్కలో ఏదీ పాడైనట్టు కాదు.

"పాపం, దానికీ వయసైందిగా," అంది ఆయన భార్య, ఉతికిన బట్టలు మడతపెడుతూ. ఆవిడ అన్నిటినీ పాపం అంటుంది. కాలు విరిగిన కుర్చీని, మాడిన గిన్నెని, ఆగిపోయిన గోడ గడియారాన్ని కూడా. అంతకు మించి పెద్దగా మాట్లాడదు. మా ఆవిడ మితభాషి అని పెద్దాయన అందరితో గర్వంగా చెప్పుకుంటాడు.

ఆయనది కళ్లజోళ్ల షాపు. ఊళ్లో సగంమందికి చూపు సరిచేశాడు. వినడం ఆయన శాఖ కాదు.

ఆ ఆదివారం పొద్దున్న టీవీలో నక్షత్రాల సీరియల్ వస్తోంది. ఒకప్పుడు ఆదివారాలు ఊరిని కదలకుండా కూర్చోబెట్టిన సీరియల్‌నే కొత్తగా తీశారు. వారానికో గ్రహం. ఆ రోజు గురుగ్రహం. అంతా అయ్యి పేర్లు పడగానే పెద్దాయన సోఫాలోంచి లేచాడు.

"తీసేశారు! ఆ మాట తీసేశారు!"

"ఏ మాట నాన్నా?" అంది కూతురు భయంగా. భయానికి కారణం ఉంది. ఆ చానల్లోనే ఆమె ఉద్యోగం. ప్రేక్షకులు ఏమంటున్నారో చదివి డైరెక్టరుకి చెప్పడం ఆమె పని.

"పాతదాంట్లో గురుగ్రహం చివర ఒక మాట ఉండేది. 'చుట్టూ తిరిగేవాళ్లు ఇంతమంది ఉన్నారు గానీ, పాపం, పక్కన కూర్చునేవాళ్లు ఒక్కరూ లేరు' అని. ఆ చందమామలన్నీ దాని చుట్టూ తిరుగుతుంటే ఆ మాట వినిపించేది. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. అసలు గుండెకాయే తీసేశారు కదమ్మా!"

వెంటనే ఫోన్ తీసి, ఒంటి వేలితో, పైకి చదువుకుంటూ చానల్ పేజీలో రాసేశాడు. రాసి కూతురి వైపు తిరిగాడు. "చేరిందా?"

"చేరింది నాన్నా."

అప్పటిదాకా వచ్చిన అభిప్రాయాలు మామూలుగానే ఉన్నాయి. పాత యాంకరుకి మీసం ఉండేది, మీసం లేనివాడు చెప్తే అంతరిక్షం మీద నమ్మకం కుదరట్లేదని ఒకాయన రాశాడు. సూర్యుడు పాతదాంట్లోనే బాగున్నాడని ఇంకొకాయన. గ్రహాల వల్ల తన వంటల ప్రోగ్రాం వెనక్కి జరిగిందని, దీనికి బాధ్యులెవరని ఒకావిడ.

పెద్దాయన రాసింది అక్కడ కనబడ్డాక కథ మారిపోయింది. అవును, నాకూ గుర్తుంది అన్నారొకరు. ఆ మాట విన్న రోజే ఉద్యోగం మానేశానని ఒకాయన. ఆ మాట వినే పెళ్లికి ఒప్పుకున్నానని ఒకావిడ. అప్పటికి తాను పుట్టలేదు గానీ బాగా గుర్తుందని ఒకమ్మాయి. బుధవారానికి అదో ఉద్యమం. మా మాట మాకివ్వండి!

డైరెక్టరు కూతుర్ని పిలిచాడు. "పాత టేపుల్లో వెతుకు. దొరికితే మళ్లీ పెడదాం. దొరక్కపోతే, ఇదంతా అబద్ధమని, ఫలానా ఆయన పుట్టించాడని చానల్ తరఫున నువ్వే రాసెయ్."

ఆ ఫలానా ఆయన మా నాన్నండీ అని ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసింది. గది తలుపేసుకుని పాత టేపులన్నీ చూసింది. ఆ మాట లేదు. గురుగ్రహం దగ్గర యాంకరు దాని కొలతలు చెప్పి నోరు మూసుకుంటాడు. తర్వాత సంగీతం, చందమామలు, పేర్లు. అంతే.

తర్వాతి ఆదివారం శనిగ్రహం అయ్యాక, ఆ పాత భాగం తెచ్చి ఇంట్లో టీవీకి పెట్టింది. పెద్దాయన ముందుకు వంగాడు.

"ఇదిగో, ఇప్పుడొస్తుంది... వినండి..."

సంగీతం వచ్చింది. పేర్లు పడ్డాయి.

"ఇందులో కూడా కట్ చేశారు!"

"ఇది అసలు టేపు నాన్నా."

"అయితే అసల్లోనే కట్ చేశారు!"

"అసల్లో ఎలా కట్ చేస్తారు? ఆ మాట లేనే లేదు!"

"అంటే నేను అబద్ధాలకోరునా? వందలమంది చెప్తున్నారే, అందరూ అబద్ధాలకోర్లేనా?"

"నువ్వు రాశాకే గుర్తొచ్చింది వాళ్లందరికీ! రేపు ఆఫీసుకెళ్లి, మా నాన్న అబద్ధం పుట్టించాడని ఈ చేత్తో రాయాలి నేను. నీకు అర్థమవుతోందా?" అంది కూతురు.

"రాసుకో! కన్నతండ్రి మీద రాసుకో! కానీ నా చెవులతో విన్నాను!"

"విన్నారు లెండి," అంది భార్య. మడతపెడుతున్న దిండు గలీబు ఒళ్లో పెట్టుకుంది. "టీవీ ఆయన అనలేదు. నేనన్నాను."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు. పెద్దాయనకి ముందు నవ్వొచ్చింది.

"నువ్వా? గురుగ్రహం గురించి?"

"ఇక్కడే, బఠాణీలు వలుస్తూ అన్నాను. అమ్మాయి నేలమీద బోర్లా పడుకుని చూస్తోంది. మీరు 'ష్, విననివ్వు' అన్నారు. ఏం వినాలో నాకర్థం కాలేదు. అప్పుడు వస్తున్నది వట్టి సంగీతమేగా. మళ్లీ వారం ఇంకేదో అన్నాను. మళ్లీ ష్ అన్నారు. తర్వాత నాకే అలవాటైపోయింది."

ఆవిడ గొంతులో కోపం లేదు. పాలవాడు రాలేదని చెప్పినట్టే చెప్పింది.

"ఏదో పొరబడ్డావు," అన్నాడు పెద్దాయన. నవ్వు మాత్రం ఆగిపోయింది.

"నాన్నా," అంది కూతురు మెల్లగా, "టేపులన్నీ చూశాను. ఆ యాంకరు ఏ గ్రహాన్నీ పాపం అనలేదు. గ్రహాన్ని చూసి పాపం అనేదెవరు, చెప్పు?"

పెద్దాయన కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడిచాడు. జీవితంలో తాను విన్న గొప్ప మాట టీవీ చెప్పిందని ఇన్నేళ్లు అందరికీ చెప్పుకున్నాడు. దాన్ని చెప్పిన మనిషిని ష్ అన్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. ఏడవడం అలవాటు లేక జలుబు చేసిందన్నాడు.

ఆ రోజే ఫోన్ తీసి, పైకి చదవకుండా రాశాడు. "ఆ మాట సీరియల్లో లేదు. మా ఆవిడది. పొరపాటు నాదే." వెంటనే జవాబులొచ్చాయి. చానల్ వాళ్లు పెద్దాయన్ని కొనేశారట. డైరెక్టరు మాత్రం సంబరపడిపోయాడు. కూతురితో ఏమీ రాయించలేదు గానీ, ఆవిడ చేత ఇంకో నాలుగు మాటలు చెప్పించుకు రమ్మన్నాడు. "నాకేం తెలుసే?" అంది ఆవిడ.

మొన్న ఆదివారం యురేనస్. పెద్దాయన ఎడమ చివర కూర్చుని, రిమోట్‌కి రెండు తగిలించి, మొదటిసారి ఆ నిగనిగలాడే తగ్గించే బటన్ నొక్కాడు. సౌండ్ మెట్టు మెట్టుగా దిగి పూర్తిగా పోయింది. లేచి వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. అక్కణ్నించి రిమోట్ పనిచేయదు. ఆ సంగతి ఆయనకి తెలుసు.

"ఏమోయ్, చెప్పు."

"ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి. దాన్ని చూసి."

ఆవిడ చాలాసేపు చూసింది. నీలంగా ఉన్న గ్రహం చప్పుడు లేకుండా తిరుగుతోంది. నోరు తెరిచింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆవిడ ఆయన మొహం చూసి మళ్లీ మూసేసింది.

"ఏం లేదండీ. బాగుంది."

భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు కాబట్టి కథ సుఖాంతం అనేసి నేను తప్పుకోవచ్చు. కానీ ఆయన రోజూ అడుగుతున్నాడు, ఆవిడ రోజూ "ఏం లేదండీ" అంటోంది. రావట్లేదట, అంతే. కూతురికీ ఏం చేయాలో తెలియట్లేదు, రాస్తున్న నాకూ తెలియట్లేదు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా? పోయిన మాట తిరిగొచ్చిందా? అడుగుతూ ఉండాలా, అడగడం మానేయాలా? బఠాణీలు తెచ్చి ముందు పెట్టి చూడమంటారా? ఏదో ఒకటి చెప్పండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది. కాస్త త్వరగా చెప్పండి. వచ్చే ఆదివారం నెప్ట్యూన్. ఆ తర్వాత గ్రహాలు లేవు.