విగ్గుల పెట్టెలో సైకిల్ చైన్లు

గాలికి కూడా డబ్బు కట్టాలని కార్గో ఆఫీసులో చెప్పిన రోజున మపాలోకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి?

ఆమె తెప్పించుకునేవి విగ్గులు. చిలెంజె మార్కెట్లో ఆమెకో జడల దుకాణం ఉంది. ఫోన్లో చైనాకి ఆర్డరు పెడితే అక్కడి గోడౌన్‌లో పెట్టె కట్టి విమానంలో లుసాకా పంపుతారు. ఇన్నాళ్ళూ హాయిగా సాగిపోయింది. కరోనా వచ్చి విమానాలు సగం ఆగిపోయాయో లేదో, కార్గో రేట్లు చుక్కలు చూపించడం మొదలుపెట్టాయి. అది చాలదన్నట్టు ఇప్పుడు కొత్త రూలొకటి. సరుకు బరువైతే బరువుకి కట్టాలి, చోటెక్కువ ఆక్రమిస్తే చోటుకి కట్టాలి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి.

"విగ్గులకి బరువెక్కడిదండీ? పెట్టెలో ఉన్నది సగం గాలే. అంటే నేను గాలికి కడుతున్నానన్నమాట," అంది మపాలో.

"గాలికి కాదమ్మా, గాలి కూర్చున్న చోటుకి," అంది కౌంటర్లో ఆవిడ, తల కూడా ఎత్తకుండా.

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. మపాలో గిర్రున తిరిగింది. పొడుగాటి కుర్రాడొకడు, మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, ఆ కళ్ళు కూడా నవ్వుతున్నాయి. ఎదుటివాళ్ళ కష్టం మీకు అంత వినోదంగా ఉందా అని ఆమె అక్కడికక్కడే దులిపేసింది. క్యూలో వాళ్ళంతా దూరం దూరంగా నుంచున్నా చెవులు మాత్రం దగ్గరికి తెచ్చుకున్నారు.

"వినోదం కాదండీ, ఏడవలేక నవ్వుతున్నా. మీరు గాలికి కడుతున్నారు, నేను ఇనుముకి కట్టి చస్తున్నా," అన్నాడతను.

అతని పేరు చిషాల. కమ్వాలాలో సైకిళ్ళు బాగుచేసే దుకాణం. అతను తెప్పించేవి చైన్లూ, పెడల్సూ, పళ్ళ చక్రాలూ. పెట్టె చూస్తే చెప్పుల పెట్టెంత ఉంటుంది, ఎత్తబోతే నడుం పట్టేస్తుంది.

ఇద్దరూ ఒకరి చేతిలో కాగితం ఒకరు చూసుకున్నారు. కలిపి పంపుదామన్న మాట మొదట అన్నది ఎవరన్న విషయం మీద ఇప్పటికీ తగువే. నేనంటే నేనంటారు. ఏదైతేనేం, ఆమె పెట్టెలో బోలెడు ఖాళీ, అతని దగ్గర బోలెడు బరువు. విగ్గుల మధ్యలో చైన్లు కూరితే ఒకటే పెట్టె, ఒకటే ఖర్చు, చెరిసగం. కౌంటర్లో ఆవిడ అప్పటికి తల ఎత్తి, పెట్టె ఒకటైతే పేరు కూడా ఒకటే ఉండాలి, తేల్చుకోండి అంది. ఆ రోజు మపాలో గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోయింది. అలా పెట్టె చిషాల పేరు మీద పడింది.

అక్కడినుంచి నెలకో పెట్టె. విమానం దిగగానే చిషాల దాన్ని సైకిలు వెనకాల కట్టుకుని చిలెంజె వచ్చేవాడు. మపాలో దుకాణంలో కూర్చుని ఇద్దరూ విప్పేవాళ్ళు. ఎవరి సరుకు వాళ్ళు తీసుకోవడానికి పది నిమిషాలు చాలు. వీళ్ళకి మాత్రం పూట పట్టేది.

పట్టదూ? చైన్లకి పూసిన నూనె విగ్గులకి అంటుకునేది. ఒకసారి ఓ పెళ్ళికూతురు విగ్గు పెట్టుకుని, నా తల సైకిల్ షాపు వాసనేస్తోందేమిటని గొడవకి దిగింది. మపాలో మర్నాడే చిషాలని పిలిపించి, బేసిన్ ముందు కూర్చోబెట్టి, పాడుచేసింది మీ చైను కాబట్టి ఉతకాల్సింది మీరేనంది. అతను కిక్కురుమనకుండా విగ్గులన్నీ ఉతికి, ఆరబెట్టి, ఒక్కోదాన్నీ మోకాలికి తొడిగి చిక్కు తీశాడు. మార్కెట్లో ఆడవాళ్ళు వచ్చి వరస కట్టి మరీ చూసి పోయారు. తల చాలక మోకాలికి కూడా జుట్టు పెంచుతున్నావా నాయనా అని కూరగాయలావిడ అడిగింది. మపాలో పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ రోజే, వేడి వేడి బూరెలు తినడానికి అతను మొదటిసారి మాస్కు తీశాడు. ముందు పళ్ళ మధ్య వేలు పట్టేంత సందు. మపాలో కాసేపు అలాగే చూసింది.

"ఏమిటండీ అలా చూస్తున్నారు?"

"కింద సగం ఇంకాస్త బాగుంటుందనుకున్నా."

అతను పగలబడి నవ్వాడు, సందు ఇంకా బాగా కనిపించింది. ఆ పళ్ళ సందు మపాలోకి తెగ నచ్చేసింది. చస్తే ఆ మాట పైకి అనదు, అది వేరే సంగతి.

లుసాకాలో అందరూ కార్గో వాళ్ళని దుమ్మెత్తి పోస్తున్న రోజులవి. మపాలో కూడా నలుగురిలో గొంతు కలిపి తిట్టేది. లోపల మాత్రం, దేవుడా, ఈ రేటు ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంచు, అని దణ్ణం పెట్టుకునేది. రేటు తగ్గితే అతనికి ఈ వైపు రావాల్సిన పనేముంది? అతను వచ్చేది తన కోసమా, పెట్టెలో చోటు కోసమా అన్నది ఆమెకి ఎంత తన్నుకున్నా తేలలేదు. ఆమె తెలుసుకోవాలనుకుంటున్నది ఆ ఒక్క సంగతే.

ఇంట్లో అమ్మమ్మ పోరు ఇంకోవైపు. వీధిలో ప్రతి ఇంటికీ పళ్ళేలు వస్తున్నాయి, మనింటికి ఎప్పుడే అని సణుగుతుండేది. పళ్ళేలంటే తెలిసిందేగా, కింద ఒక తెల్ల పళ్ళెం, మధ్యలో కొంత డబ్బు, పైన ఇంకో పళ్ళెం బోర్లించి ఉంటుంది. పిల్లాడి తరఫున ఓ పెద్దమనిషి తెచ్చి చాప మీద పెడతాడు. పిల్ల తరఫువాళ్ళు ఆ డబ్బు ఉంచుకుంటే సంబంధం ఒప్పుకున్నట్టు, తిప్పి పంపితే లేనట్టు. పెట్టెలు బోలెడు వస్తున్నాయిలే అమ్మమ్మా అని మపాలో అనేది. పెట్టెల్లో మొగుడు రాడే అని అమ్మమ్మ ముఖం తిప్పుకునేది.

ఆ మొక్కు దేవుడు ఎన్నాళ్ళని వింటాడు, రేట్లు తగ్గాయి.

ఇక కలిపి పంపక్కర్లేదు, విడిగా పంపినా పెద్ద తేడా ఉండదని కౌంటర్లో ఆవిడే చెప్పింది. మపాలో తిన్నగా కమ్వాలా వెళ్ళింది. అతని దుకాణం చూడటం అదే మొదలు. గోడలనిండా, కప్పునిండా, గుమ్మానికి తెర కట్టినట్టు చైన్లే చైన్లు. ఓహో, నా పెట్టెలో చవగ్గా వస్తున్నాయని ఏళ్ళకి సరిపడా పోగేసుకున్నాడన్నమాట అని ఆమె గుండెలో కలుక్కుమంది.

రేట్లు తగ్గిన సంగతి చెప్పి, "ఇక మీ పెట్టె మీది, నా పెట్టె నాది. అంతేనా?" అని అడిగింది.

అతను చేతిలో పానా కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ కింద పెట్టాడు. "లెక్క చూస్తే... కలిసి పంపితేనే ఇంకా కొంచెం తక్కువ పడుతుందండీ," అన్నాడు.

లెక్కట. ఆడపిల్ల ఇంత దూరం మినీబస్సు మారి వచ్చి అడిగితే వీడికి తోచింది లెక్క. "అయితే ఆ లెక్కే చూసుకుంటూ కూర్చోండి," అని మపాలో వచ్చేసింది. దారిలో కుంభవృష్టి. పెట్టుకున్న కొత్త విగ్గు తడిసి ముఖానికి అతుక్కుపోయింది. బస్సులో ఎవరూ ఆమె ఏడుపుని కనిపెట్టలేదు, అదొక్కటే మేలు.

తర్వాత అతని నుంచి ఉలుకూ పలుకూ లేదు. కార్గో ఆఫీసు వాళ్ళే ఫోన్ చేశారు. ముందే డబ్బు కట్టినవాళ్ళకి తగ్గిన రేటు ప్రకారం తేడా వెనక్కి ఇస్తున్నారట, రెండు వాయిదాల్లో. పెట్టె ఎవరి పేరు మీదుంటే వాళ్ళకే ఇస్తారు కాబట్టి మీ సగం ఆ సైకిల్ అబ్బాయి దగ్గర తీసుకోండి అన్నారు. ప్రాణం పోయినా అడగనని మపాలో ఒట్టు పెట్టుకుంది.

ఆ శనివారం పొద్దున అమ్మమ్మ ముంగిట్లో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది. మపాలో మేనమామ కబ్వే ఊరి నుంచి వచ్చి టీ తాగుతున్నాడు. సరిగ్గా అప్పుడు గేటు తీసుకుని సూటూ టోపీ వేసుకున్న ఓ ముసలాయన లోపలికొచ్చాడు. టోపీ తీశాడు. మర్యాదగా మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టాడు. చేతి సంచిలోంచి రెండు తెల్ల పళ్ళేలు, ఒకదాని మీద ఒకటి బోర్లించినవి, తీసి చాప మీద పెట్టాడు.

అమ్మమ్మ ఒళ్ళోంచి వేరుశనక్కాయలన్నీ జలజలా రాలిపోయాయి. మేనమామ టీ కప్పు పక్కన పెట్టి, చొక్కా గుండీలు సరిచేసుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"నా పేరు ముబితా. కమ్వాలాలో సైకిళ్ళు బాగుచేసే చిషాల మా ఇంట్లోనే అద్దెకుంటాడు. ఇది మీ ఇంట్లో ఇమ్మన్నాడు. తను రాకూడదు కాబట్టి నేనొచ్చాను," అన్నాడు ముసలాయన.

పెళ్ళికొడుకు రాకూడదన్నది అందరికీ తెలిసిన పద్ధతే. మేనమామ ఎంతో మెచ్చుకోలుగా తలాడించాడు. లోపల తలుపు చాటు నుంచి మపాలో తొంగి చూసింది. చిషాలా? మాట కూడా అనకుండా, ఏకంగా పళ్ళేలా?

మేనమామ పై పళ్ళెం ఎత్తాడు. ఉతికి ఇస్త్రీ చేసినట్టున్న నోట్లు. వాటి మీద మూడు చిల్లర నాణేలు.

పళ్ళేల్లో చిల్లర పెట్టడం ఆ వీధిలో ఎవరూ కని విని ఎరగరు. ఈ నాణేలేమిటండీ అని మేనమామ అడిగాడు. లెక్క ప్రకారమండీ, మావాడు పైసా అటూ ఇటూ పోనివ్వడు అన్నారు ముబితా గారు. మేనమామ మళ్ళీ మెచ్చుకున్నాడు. ఇలాంటివాడైతే సంసారం గుట్టుగా ఈదుకొస్తాడన్నాడు. ఇంతేనా, ఇంకా ఉందా అని అడిగితే, ఇది మొదటి వాయిదా, మిగతాది వచ్చే నెల అన్నాడు ముసలాయన. అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది.

మొదటి వాయిదా అన్న మాట విన్నాక మపాలోకి తెలిసొచ్చింది. అది పెళ్ళి డబ్బు కాదు, తన కార్గో వాటా. ముబితా గారు పడమటి వైపు లోజీ తెగ మనిషి, వాళ్ళలో ఈ పద్ధతి లేదు, ఆయనకి పళ్ళెమంటే అన్నం తినేదే. నోట్ల మీద కరోనా పురుగులుంటాయని ఆయన భార్య సబ్బుతో కడిగి, పళ్ళెంలో ఆరబెట్టి, గాలికి ఎగరకుండా ఇంకోటి బోర్లించి ఇచ్చిందన్న సంగతి మపాలోకి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా, ఇంతలోనే ఎక్కిన మేడ మీద నుంచి కిందపడ్డానని మాత్రమే.

మేనమామ ఆమెని పిలిచి కూర్చోబెట్టి, పద్ధతి ప్రకారం అడిగాడు.

"అమ్మాయ్, ఈ పళ్ళేలు పంపిన మనిషి నీకు తెలుసా? ఉంచుకోమంటావా, పంపించేయమంటావా?"

కార్గో డబ్బు మావయ్యా అని ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మమ్మ వైపు చూడలేక ముసలాయన వైపు తిరిగి, తను ఎందుకు రాలేదండీ అని అడిగింది.

"కరోనా తల్లీ, గదిలోనే ఉంచాం. ఇప్పుడు ఫర్వాలేదులే. జ్వరంలో ఒకటే కలవరింత, ఇంక చైన్లు అక్కర్లేదుగా, ఇంక చైన్లు అక్కర్లేదుగా అని. పది కూడా అమ్మలేదు వెధవ, అన్ని ఎందుకు తెప్పించావురా అని తలుపు అవతలినుంచి అడిగాను. ఆమె పెట్టెలో పెట్టడానికి నెలనెలా ఏదో ఒక బరువు ఉండాలి కదా తాతా అన్నాడు. నాకైతే ఒక్క ముక్క అర్థం కాలేదు."

మేనమామకీ అర్థం కాలేదు. అదేదో పడమటి వాళ్ళ పెళ్ళిమాట కాబోలనుకుని గంభీరంగా తలూపాడు.

మపాలోకి మాత్రం అర్థమైంది. ఆ గోడల నిండా వేలాడినవన్నీ తన కోసమే కొన్నాడు. ఆమె మోకాళ్ళ మీదికి వంగి, చేతులు కలిపి మెల్లగా చప్పట్లు కొట్టింది.

"తెలుసు మావయ్యా. ఉంచేయండి," అంది.

అమ్మమ్మ లేచి నాలుక ఆడిస్తూ శుభకార్యపు కూత పెట్టింది. పక్కింటివాళ్ళు కూత విని గోడల మీదికొచ్చారు. చిల్లర వెనక్కిస్తే ఇంత సంబరమా అని ముబితా గారు బిత్తరపోయి చూశారు.

మేనమామ ఆయన్ని మర్యాదలతో సాగనంపిన గంటకి మపాలో పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేసింది. అవతల గొంతు బొంగురుగా ఉంది. మధ్యలో ఇంకా ఆగని కూత వినిపిస్తుంటే ఏమిటా గోల అని అడిగి, డబ్బు అందిందా అన్నాడు.

"అందింది. మావయ్య ఉంచుకున్నాడు."

"మావయ్యకెందుకండీ? అది మీ వాటా."

"పళ్ళేల్లో వచ్చింది పెద్దవాళ్ళే కదా తీసుకోవాలి."

"ఏ పళ్ళేలు?"

"తెల్లవి, రెండు. ముబితా గారు సూటు వేసుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నారు."

పాపం, దగ్గు తెర వచ్చి చాలాసేపు ఆగలేదు. అది జ్వరం దగ్గో, భయం దగ్గో ఆ దేవుడికే తెలియాలి. చివరికి ఎలాగో, మీవాళ్ళు మిమ్మల్ని అడిగారా అన్నాడు. అడిగారంది. మీరేమన్నారన్నాడు.

"ముందు మీరు చెప్పండి. లుసాకాలో అన్ని చైన్లకి సరిపడా సైకిళ్ళున్నాయా?"

"లేవు."

"మరి?"

"నేను ఆపేస్తే ఆ చోట్లో ఇంకెవడో బరువు పెడతాడని భయం. ఊరంతా రేటు తగ్గాలని ప్రార్థన చేస్తుంటే నేనొక్కణ్ణే పెరగాలని చేశాను మపాలో. ఆ రోజు ఇదంతా చెబుదామనుకుని లెక్క గురించి మాట్లాడాను. నాకు నువ్వంటే ఇష్టం. పెట్టె లేకపోయినా ఇష్టమే."

పేరుతో పిలవడం, నువ్వు అనడం రెండూ అదే మొదలు. మపాలో కళ్ళు తుడుచుకుంది.

"నువ్వొక్కడివే అనుకోకు, నేనూ పెరగాలనే మొక్కుకున్నా," అంది. "మావయ్యతో తెలుసన్నాను. ఉంచేయమన్నాను."

అతను ఎంతో సిగ్గుపడుతూ, పళ్ళేల్లో నాణేలు కూడా ఉన్నాయా అని అడిగాడు.

"మూడున్నాయి. మావయ్య పది మందికి చెప్పుకుంటున్నాడు. వచ్చే నెల మిగతా వాయిదాకి కబ్వే నుంచి అందరూ దిగుతున్నారు. త్వరగా కోలుకో, ముబితా గారి సూటు ఇస్త్రీ చేయించు."

అతను ఏదో అనబోయేంతలో అవతల తలుపు బాదిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే ఓ కోడి గొంతు, దాని మీద ముబితా గారి గొంతు.

"ఒరే చిషాలా, పిచ్చివాళ్ళురా వీళ్ళు. రసీదు అడిగితే కోడినిచ్చారు."