తాబేలుకో ముద్ద, పాపకో ముద్ద

"నువ్వే కదే నా బిడ్డను ఇట్లా చేస్తివి!... నీ చేతులు పడిపోను!"

మదురైలో పిల్లల ఆస్పత్రి వరండా అంతా తిరుమలమ్మాళ్ గొంతుకు అదిరిపోయింది. కోడలు జోతిమణి తల ఎత్తలేదు. లోపల మంచం మీద ఆమె కూతురు, రెండున్నరేళ్ళ నిత్య... మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోయే జ్వరం, నెత్తురు పడే విరేచనాలు! ఇల్లంతా పరుగులు పెట్టే పిల్ల, చేతికి సెలైన్ సూదితో, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. కడుపులో చేరిన క్రిమి రక్తంలోకి ఎక్కిందట. రెండు రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమన్నారు. ఏ తల్లి చెవులు వినగలవు ఆ మాట!

ఇంట్లో ఏది చెడినా నింద మోయడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎప్పుడూ కోడలే! మేలూరు పక్కన వాళ్ళ తెలుగు పల్లెలోనూ అంతే. పోయిన వారం సంతకు వెళ్ళినప్పుడు పాప ఆకలంటే బేకరీలో ఎగ్ పఫ్ కొనిపెట్టింది జోతిమణి. అదే ఆమె చేసిన నేరం! మొగుడు సెంతిల్ కూడా తల్లి మాటే పట్టుకున్నాడు.

"అమ్మ చెప్పేది సరిగానే ఉండాది" అన్నాడు, భార్య మొహం చూడకుండా. "పాపకు నయమైనాక నువ్వు పెరియకుళం పో. మీ అమ్మ దగ్గర కొన్నాళ్ళుండు. పాపను మా అమ్మ చూసుకుంటాది."

"పాపను వదిలిపెట్టా?..." అంది జోతిమణి.

"బేకరీ తిండి పెట్టేదానికి బిడ్డ ఏంటికే!" అంది అత్త.

కన్నబిడ్డను తల్లి నుంచి లాక్కోవడానికి వీళ్ళకు ఒక్క పఫ్ చాలింది! ఒక్కరైనా డాక్టరును అడిగారా? లేదు. పాప బతికితే చాలు... ఎవరి ఒళ్ళో బతికినా చాలు, అనుకుంది ఆ పిచ్చితల్లి.

ఇంతలో డాక్టర్ మోనిక ల్యాబ్ కాగితంతో వచ్చింది. "క్రిమి పేరు తెలిసింది. సాల్మొనెల్లా. దానికి తగిన మందు ఇప్పుడే మొదలుపెట్టాం. గుడ్డు వల్ల రావచ్చు, ఇంకో దారినా రావచ్చు. ఇంట్లో కోళ్ళు ఉన్నాయా? తాబేలు ఉందా?" అని అరవంలో అడిగింది.

తాబేలు!

అత్తవారి వంశంలో బావిలో తాబేలును వదలడం పాత ఆచారం. నీళ్ళు శుభ్రంగా ఉంటాయని నమ్మకం. బావి ఎండి ఏళ్ళయింది. నెల క్రితం పొలాలకు కాలువ నీళ్ళు వదిలినప్పుడు వరిమడిలో దొరికిన తాబేలును తిరుమలమ్మాళ్ పెరటి రాతి తొట్టిలో వేసింది. "పెరుమాళ్ళే మనింటికి వచ్చిండాడు!" అని దాని డిప్పకు పసుపు రాసింది. అన్నమంటే మొహం తిప్పేసుకునే నిత్యను చంకనెత్తుకుని, ఆ తొట్టి గట్టున కూచుని, "తాబేలుకో ముద్ద, పాపకో ముద్ద" అంటూ అవే వేళ్ళతో తినిపించేది. పాప గిన్నె ఖాళీ చేసేది! అది చూసి జోతిమణి ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకుందో...

తొట్టి గట్టున పాపకు ముద్దలు పెట్టే సంగతి జోతిమణి చెప్పగానే డాక్టర్ తల పట్టుకుంది. "తాబేలుకు ఏ జబ్బూ కనిపించదు. కానీ దాని పేగుల్లో ఈ క్రిమి ఉంటుంది. రెట్టతో నీళ్ళలోకి, డిప్ప మీదికి వస్తుంది. తాకిన చేత్తో అన్నం పెడితే పెద్దవాళ్ళు తట్టుకుంటారేమో, చిన్నపిల్లలు తట్టుకోలేరు. దాన్ని చంపొద్దు, పట్టిన చోటే వదిలేయండి. తొట్టిని బ్లీచింగ్ పౌడర్‌తో తోమండి... అన్నం పెట్టింది ఎవరు?"

ఒక్క మాట చాలు. జోతిమణి నింద పోతుంది, పాప దక్కుతుంది! అత్త వైపు చూసింది. ఆ ముసలి మొహంలో నెత్తురు చుక్క లేదు... కుడిచేతిని కొంగుకు తుడుచుకుంటోంది.

"నేనే డాక్టరమ్మా" అంది జోతిమణి. "నేనే పెట్టాను."

"చూస్తివా అమ్మా! అంతా దీని పనే!" అని సెంతిల్ లేచాడు.

"నోరు ముయ్‌రా!" తిరుమలమ్మాళ్ అరుపుకు నర్సులు కూడా తిరిగి చూశారు. "ఒక్క దినమన్నా నువ్వు బిడ్డకు ముద్ద పెడితివా? పెట్టింది నేను డాక్టరమ్మా! ఈ చేత్తోనే... ఈ పాపిష్టి చేత్తోనే!" అని ఆ చేతిని గోడకేసి కొట్టుకుంది. జోతిమణి పరుగున వెళ్ళి పట్టుకోకపోతే ఎముక విరిగేదే!

"ఏంటికే నా తప్పు నెత్తినేసుకుంటివి? నిన్ను బిడ్డనుంచి విడదీయాలంటిని కదా!..."

"మీరు ప్రేమగానే పెట్టారు కదా అత్తా" అంది జోతిమణి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు.

సెంతిల్ నిలబడి చూస్తున్నాడు. "ఇంకా ఏం చూస్తావురా?" అంది తల్లి. "ఇంటికి పో. తాబేలును పట్టిన మడిలోనే వదిలి, తొట్టి తోము. తోమేటప్పుడు పెండ్లాముకు ఏం చెప్పుకోవాలో ఆలోచించు!"

ఐదో రోజు ఉదయం జ్వరం దిగింది. నిత్య కళ్ళు తెరిచి, "అవ్వా... బువ్వ" అంది.

తిరుమలమ్మాళ్ చేతులు రెండూ కొంగులో దాచేసుకుంది. "నా చెయ్యి వద్దు కణ్ణూ... మీ అమ్మ పెడతాది."

జోతిమణి అత్తను కుళాయి దగ్గరికి నడిపించింది. సబ్బు నురగతో ఒక్కో వేలూ, గోళ్ళ సందులూ, మణికట్టు దాకా తోమింది. "ఈ చేతికి ప్రేమ తెలుసు అత్తా, సబ్బే తెలీదు. నేర్పితే సరి" అంది. అన్ని రోజుల తరువాత ముసలామె నవ్వింది, ఏడుస్తూనే.

గిన్నె చేతికిచ్చారు. తిరుమలమ్మాళ్ మజ్జిగన్నం మెత్తగా పిసికి ముద్ద చేసింది. పాప నోరు తెరిచింది. ఆ ముద్ద మాత్రం పాప దగ్గర ఆగలేదు... జోతిమణి నోటి దగ్గరికి వచ్చింది.

"ఐదు దినాలైంది నువ్వు తిని. ముందు నువ్వు తినవే నా తల్లీ!"