దవాఖాన చీటీకి తోడు

చేయాల్సిన పనులు ఇవి. ఇంగ్లీషు ప్రశ్నలను తెలుగులోకి మార్చాలి. ఆ తెలుగును, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి రాయించాలి. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి తేడాలు పట్టాలి. తర్వాత ఊళ్లకు పోయి ప్రశ్న అడిగి, "ఏం సమజైంది?" అని కూడా అడగాలి. అన్నిటికంటే ముఖ్యం, పోల్చి చూసేదాకా రాసిన ఇద్దరూ ఆ ప్రశ్నల గురించి ఒక్క మాట మాట్లాడుకోకూడదు.

దవాఖానలో చెప్పేది, రాసిచ్చేది పెద్దవాళ్లకు ఎంతవరకు అర్థమవుతుందో కొలిచే ప్రశ్నలవి. కంఠేశ్వర్‌లో క్లినిక్ నడిపే డాక్టర్ ప్రమీలమ్మ తెలుగు చేసే పని నాకిచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. ఇది నా మొదటి ఉద్యోగం. "మాట్లాడితే పనంతా పాడైతది లింబాద్రీ" అన్నది. మాటిచ్చాను.

అది రెండువేల మూడు, జూలై. బోధన్ బస్సులో ఆ మాటే నా ప్రాణం మీదికొచ్చింది.

బయట వాన. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఏవో కాగితాలు చదువుతూ ఒక్కతే నవ్వుతోంది. తొంగి చూశాను. నా దస్తూరి! మళ్లీ ఇంగ్లీషు చేసేది ఈమే అన్నమాట.

"అన్నా, జర గిది వినున్రి," అన్నది నా వైపు తిరిగి. "'ఔషధ సేవనకు పూర్వం సూచనాపత్ర పఠనార్థం సహచరుని ఆవశ్యకత మీకు కలదా?' ఎవరు రాసిండ్రో గానీ, ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడ్తరా? 'అమ్మా, అన్న సేవనార్థం పళ్లెము కలదా' అంటరా?"

నా చెవులు కాలిపోయాయి. డిగ్రీ చదివిన సంగతి ప్రతి వాక్యంలో కనబడాలని కష్టపడి రాసిన తెలుగు అది.

"దీని మతలబేందో చెప్పున్రి."

"నాకు తెల్వది."

"పోనీ ఒక్కసారి మీరు చదువున్రి."

నేను కాగితం వైపు చూడకుండా కిటికీ వైపు చూశాను. ఆమె గొంతు మారిపోయింది.

"చదువు రాదా అన్నా? సిగ్గెందుకు? నేను లేనా?"

ఇక దారి పొడవునా కనబడ్డ బోర్డునల్లా నాకు చదివిపెట్టింది. ఎరువుల దుకాణం, టైర్ల దుకాణం, సినిమా పోస్టరు. చినుకులు ఆమె రెప్పల మీద పడుతున్నా తుడుచుకోలేదు. జానకంపేట దాటేసరికి నేను ప్రేమలో పూర్తిగా మునిగిపోయాను.

"గిదే బోధన్. పైలంగ పోన్రి," అని దిగిపోయింది.

మరుసటి వారం క్లినిక్‌లో డాక్టరమ్మ పరిచయం చేసింది. "తెలుగు రాసింది లింబాద్రి. మళ్లీ ఇంగ్లీషు చేసింది గంగామణి, బోధన్ జూనియర్ కాలేజీల లెక్చరర్."

గంగామణి కళ్లు పెద్దవయ్యాయి. "చదువు రాదన్నరు గదా!"

"నేనన్లే. మీరే అనుకున్నరు."

"కాదని చెప్పొద్దా? బోర్డులు చదివి చదివి నా గొంతు పోయింది!"

ఇంతలో డాక్టరమ్మ ఆమె ఇంగ్లీషు చదివి అయోమయంగా తలెత్తింది. "మందు మింగేముందు లైఫ్ పార్ట్‌నర్ అవసరమా అని ఉందేంది?"

"సహచరుడని రాస్తే నేనేం జెయ్యాలె మేడం?" అన్నది గంగామణి.

డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసేసింది. ప్రశ్నంతా మామూలు మాటల్లోకి మార్చి, 'సహచరుడు' కొట్టేసి 'తోడు' అని పెట్టాం. ఆమె మాత్రం నవ్వలేదు.

"దాచిపెట్టెటోళ్లతోని నేను ఊర్లకు రాను."

"చెప్తే మీరు రాసిందంతా పనికిరాకుండ పోతుండె. మాటిచ్చిన," అన్నాను. ఇప్పుడామె వెళ్లిపోతే మళ్లీ కలిసే వంక దొరకదు.

ఆమె తన కాగితాలు సర్దుకుంది. "ఒక్క ఊరు. గంతే."

ఆ ఒక్క ఊరు చందూర్. అక్కడ లింగవ్వ అనే ముసలామె తన ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలకు ఆకు కత్తిరిస్తోంది. నేను కాగితం తీసి చదివాను.

"దవాఖాన చీటీ చదవడానికి మీకు తోడు కావాల్నా? ఎన్నడూ వద్దు, అప్పుడప్పుడు, ఎప్పటికీ. మూడిట్ల ఒకటి చెప్పాలె అవ్వా."

కత్తెర ఆగింది. "మా ముసలాయన పోయి ఎన్నేండ్లాయె! గిప్పుడు నాకు తోడెందుకు బిడ్డా?"

గంగామణి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పద్ధతి తప్పలేదు. "ఏం సమజైందవ్వా నీకు?"

"మంచిగనే సమజైంది. గా పిల్లనడిగేది నన్నడుగుతున్నవ్. ఒచ్చినప్పటి సంది దాని దిక్కే సూడవడ్తివి. అటు తిరిగి అడుగు!"

చూరు మీద వాన మొదలైంది. నేను అటు తిరిగాను.

"గంగామణి గారూ, ఆనాడు దాచిన. ఇది దాచ. మీరంటే నాకు ఇష్టం. మీకు తోడు... కావాల్నా?"

ఆమె జవాబులు రాసుకునే తన పెన్సిలు వైపు చూసింది. వాన వైపు చూసింది. "మిమ్మల్ని అన్నా అని పిలిస్తి గదా!"

"అప్పుడు నేనెవరో మీకు తెల్వది. అది లెక్కల రాదు."

"మూడిట్ల ఒకటి చెప్పు బిడ్డా, నా ఆకు తడుస్తుంది!" అరిచింది లింగవ్వ.

"ఎప్పటికీ," అన్నది గంగామణి.

ఆ ప్రశ్నలో 'తోడు' తీసేసి 'చదివి చెప్పేవాళ్లు' అని మార్చాం. మేం పోతుంటే లింగవ్వ అడిగింది, "నా పేరు అండ్ల రాస్తరా?" జవాబు చెప్పినవాళ్ల పేర్లు నివేదికలో రాయకూడదని చెప్పాను.

"గట్లయితే ఇంకెక్కడన్న రాయి," అన్నది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆమె చందూర్ లింగవ్వ. మా పెండ్లి కుదిర్చిన పెద్దమనిషి. దయచేసి ఆ పేరు గుర్తుంచుకోండి.