పన్నెండున్నర అనే అబద్ధం

హాస్టల్ హాలులో డైటీషియన్ పాఠం మంచి ఊపు మీదుంది. చంటిబిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, ఆ తర్వాత పాలొక్కటే చాలవు. ఎదిగే ఆడపిల్లకు ఇనుము ఎక్కువ కావాలి, గర్భిణికి ఇంకా ఎక్కువ. వయసు మళ్ళినవారికి ఆకలి తగ్గినా మాంసకృత్తుల అవసరం తగ్గదు. ఆమె ఇంత చెబుతున్నా, పిల్లల చూపులు పక్క బల్ల మీద సూదులు సర్దుతున్న ల్యాబ్ టెక్నీషియన్ చేతుల మీదే ఉన్నాయి.

"ఏమండీ, అవి కాసేపు దాచకూడదా? పిల్లలు హడలిపోతున్నారు."

"మీ పాఠం కాస్త పొట్టిదైతే, ఈపాటికి హడలడం కూడా అయిపోయేదండీ!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండింది. ప్రతి క్యాంపులోనూ ఈ మనిషే ఎదురుపడతాడేం?

రక్తపరీక్షకు రమ్మంటే ఒక్కరూ కదల్లేదు.

"చూడండర్రా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే!" అంటూ ఆమే కూర్చుని వేలు చాపింది. "హిమోగ్లోబిన్ ఎంతో పైకి చదవండి సార్. పన్నెండుకి తగ్గకూడదని ఇందాకే చెప్పాను."

అతడు యంత్రాన్ని చూశాడు, ఆమెను చూశాడు. మళ్ళీ యంత్రాన్ని చూశాడు.

"పన్నెండున్నర."

తెర మీద ఎనిమిదిన్నర ఉంది. అది ఆమెకూ కనిపించింది.

ఏ వయసుకు ఏం కావాలో అందరికీ చెప్పే తనకు, తన వయసొక్కటే లెక్కకు రాలేదు. పరువు దక్కించాడని క్షణకాలం అతని మీద కృతజ్ఞత కలిగింది. అలా కలిగినందుకు మరింత సిగ్గేసింది.

ముందువరుసలో ఒక పిల్ల లేచింది. "అక్కా, పొద్దున వార్డెన్ మేడమ్ టిఫిన్ పెడతానంటే వద్దని ఉత్త టీ తాగారుగా? రోజూ ఇంతేనన్నారు. అయినా పన్నెండున్నరా! ఐతే మేమూ టిఫిన్ మానేస్తాం."

"సన్నబడతాం కూడా!" అంది వెనక నుంచి ఇంకొకతె.

హాలంతా నవ్వు. ఆమె నవ్వలేకపోయింది. ఊరుకుంటే గంటలో క్యాంపు ముగుస్తుంది, ఎవరికీ తెలియదు. కానీ ఆ అబద్ధం ఎదుటి పిల్లలకు అప్పుడే పాఠమైపోతోంది.

"ఆయన చెప్పింది నిజం కాదు," అంది తల వంచుకుని. "నాది ఎనిమిదిన్నర. మీకు రాకూడదని చెప్పే జబ్బు నాకే ఉంది. తిండి మానేసి తెచ్చుకున్నాను."

టెక్నీషియన్ చెవులు ఎర్రబడ్డాయి.

"కళ్ళు తిరగవా అక్కా?"

"తిరుగుతాయి. పనెక్కువైందిలే అని సరిపెట్టుకున్నాను."

"నాకూ తిరుగుతాయి," అంటూ ముందువరుస పిల్ల నెమ్మదిగా వచ్చి వేలు చాపింది. ఆ పిల్ల వెనక మరొకతె నిలబడింది.

పరీక్షలన్నీ ముగిశాక ఆమె అతణ్ణి నిలదీసింది. "యంత్రం నిజమే చెప్పింది. మీకేమొచ్చింది?"

"అంకె మార్చడం ఇదే మొదటిసారండీ. మీ మొహం చిన్నబోతే చూడలేననిపించింది. తలెత్తుకోలేకుండా ఉన్నాను." సూదుల పెట్టె మూస్తూ అన్నాడు: "మీరు టీతో సరిపెట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. మీరుండే క్యాంపులు అడిగి మరీ వేయించుకుంటున్నాను కదా! తినండి అని చెప్పడానికి నేనెవర్నని ఊరుకున్నాను. అసలు తప్పు అదే."

"అదే," అంది ఆమె. "అబద్ధానికి ఎప్పుడైనా క్షమిస్తానేమో. అడగనందుకు మాత్రం క్షమించను."

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. భోంచేశారా?"

ఆమె లేదన్నట్టు తలూపింది.

హాస్టల్ భోజనశాలలో ఎదురెదురుగా కూర్చున్నారు. అతడు వడ్డించింది తినడం పూర్తయినా ఆమె తలెత్తి అతణ్ణి చూడలేదు. సిగ్గు ఇంకా దిగలేదు. అయినా కంచం మాత్రం అతని వైపు జరిపింది.

"ఇంకొంచెం వెయ్యండి."