పడవ వెనక బుస్సుమన్నది

"అరవకుండా ఒక్క మాటైనా మాట్లాడగలరాండీ మీరు?"

పడవెక్కగానే లేయా నన్నడిగిన మాట అది. ఆమె విస్సన్నపేట బడిలో టీచరు. నేను సువర్ణరాజుని, తోట కూలీల సంఘం మనిషిని. ఏ దొర గుమ్మం ముందైనా గొంతు చించుకుంటాను. ఈ పిల్ల దగ్గర మాత్రం నాలిక మడతపడుతుంది.

ఎల్లుండి చింతలపూడి వాళ్లు ఆమెకి పెళ్లిచూపులకి వస్తున్నారు. చెబితే ఇవాళే చెప్పాలి.

అది పందొమ్మిది వందల నలభై తొమ్మిది. మామిడి పిందె పట్టే రోజులు, తోటల్లో పని లేదు. మా చర్చి వాళ్లమంతా నాగాయలంక వచ్చి, పడవల్లో కృష్ణ సముద్రంలో కలిసేచోటున్న ఎదురుమొండి దీవికి షికారు బయల్దేరాం. మా చిన్న పడవలో పడవవాడు కాక ముగ్గురం: లేయా, నేను, వాళ్ల నాన్న చిన్నరాయప్ప. ఆయనకి కోపమొస్తే తిట్టడు, ముక్కుతో బుస్సుమంటాడు. ఇప్పుడు నా వెనక తలగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నాడు.

"టీచరుగారూ," అన్నాను గుసగుసగా.

"ఏంటి, గొంతు పోయిందా?"

"చింతలపూడి వాళ్లని రావద్దనండి."

"ఎందుకనాలి?"

వెనక బుస్సు!

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తిరిగి చూసే ధైర్యం లేదు. లేయా కళ్లు ఇంతింతయ్యాయి. పైట నోటికి అడ్డం పెట్టుకుని వణికిపోతోంది. ఏడుస్తోందనుకున్నాను.

మళ్లీ బుస్సు! మెడ మీద తుంపర పడింది. ఉమ్మేశాడు ముసలాయన! ఇక ఊరుకుంటానా?

"మీ బుస్సులకి భయపడనండీ!" మీటింగు గొంతు వచ్చేసింది. "మీ అమ్మాయంటే నాకు ప్రాణం! ఇస్తారా, ఇవ్వరా?"

అని గిర్రున తిరిగాను. చిన్నరాయప్ప గుర్రుపెడుతున్నాడు. పడవ పక్కన నీళ్లలోంచి పొడుగుమూతి బూడిదరంగు తల ఒకటి నన్నే చూస్తోంది. నెత్తిన చిల్లు. అందులోంచి బుస్సు!

"డాల్ఫినండీ!" లేయా పడీపడీ నవ్వింది. "పుస్తకంలో బొమ్మ చూడ్డమే, నిజంగా ఇప్పుడే చూడ్డం! ఇస్తుందో ఇవ్వదో అడగండి!"

"ఊపిరికి పైకొస్తాయమ్మా," అన్నాడు పడవవాడు. "ఇంకా ఉన్నాయి, చూడండి!"

నాలుగు ఒక్కసారి నీళ్లలోంచి లేచాయి. ఎండలో తళుక్కుమని ధబేలున పడ్డాయి. పడవ ఊగింది. అందరం తడిసి ముద్దయ్యాం.

చిన్నరాయప్ప దిగ్గున లేచి మొహం తుడుచుకున్నాడు. "నిద్రలో విన్నాను. ఎవరంటే ప్రాణమన్నావురా?"

"లేయా అంటేనండీ."

"ముందు దాని చెయ్యి ఒదులు."

అప్పుడు చూసుకున్నాను. నిజమే, చేతిలో చెయ్యి ఉంది.

"ఆయన్నేమనకు నాన్నా. పట్టుకున్నది నేను."

చిన్నరాయప్ప మా చేతుల వంక చూశాడు. తర్వాత తలగుడ్డ పిండుకుంటూ అటు తిరిగాడు.

"అయితే గట్టిగా పట్టుకో. వీడికి ఈత రాదు."