యురానీ కాన్పుకి కాపడం

ఆ ఉదయం నూబియా కాఫీ గిన్నె దింపి, మంచం మీద తెరిచి ఉన్న పెట్టె ముందు కూర్చుంది. చిలీలో ఉంటున్న చిన్నకూతురు యురానీకి నెలలు నిండాయి. ఎల్లుండి తమ ఊరు పెరేరా నుంచి కూతురి దగ్గరికి ప్రయాణం. బెల్లం అచ్చులు, చాక్లెట్ బిళ్ళలు, పసిబిడ్డకు అల్లిన ఉన్ని టోపీ సర్దేసింది. చివరగా కరెంటుతో వేడెక్కే కాపడం పట్టీని, బజారులో కొన్న అడాప్టర్‌ని పైన పెట్టింది.

పెద్దకూతురు మర్యోరి అరెపా రొట్టె కొరుకుతూ వచ్చింది. పట్టీ స్విచ్చు వెనక రాసినది చదివింది.

"అమ్మా, ఇది అక్కడ పనికిరాదు."

"ఎందుకు రాదు? అక్కడ మూడు గుండ్రటి కన్నాలన్నావుగా. అందుకే ఇది కొన్నాను. చూడు, ఎంత చక్కగా పట్టిందో."

"పడితే సరా? అడాప్టర్ ప్లగ్గు ఆకారమే మారుస్తుంది, కరెంటుని మార్చదు. నీ ఫోను చార్జరు మీద వంద నుంచి రెండువందల నలభై వోల్టులని ఉంది, దానికి భయం లేదు. దీని మీద నూటపదే ఉంది. అక్కడొచ్చేది రెట్టింపు."

"రెట్టింపైతే తొందరగా వేడెక్కుతుంది. జూలై అక్కడ చలికాలమట, గడ్డకట్టే చలట."

మర్యోరికి నవ్వూ భయమూ ఒకేసారి వచ్చాయి. "బాలింత నడుముకి కట్టి స్విచ్చేస్తే ఒళ్ళు కాలుతుందమ్మా. పక్కనే పసిగుడ్డు."

నూబియా పట్టీని మడిచి ఉన్ని టోపీ కిందికి తోసింది. మర్యోరి బయటికి లాగింది.

"నేను వెళ్ళడమే నీకిష్టం లేదు," అంది నూబియా. "టిక్కెట్టు కొన్నప్పటి నుంచీ ఇది వద్దు, అది వద్దు. కాపడం కూడా పెట్టకపోతే నేనెందుకక్కడ? సోఫాలో కూర్చుని రావడానికా?"

"పట్టీయే కదా, అక్కడ కొత్తది కొనుక్కో."

"ఇది నీకోసం కొన్నది."

మర్యోరి నమలడం ఆపింది.

"నీ కాన్పప్పుడు నేను మాడ్రిడ్‌లో పనికి కుదిరి ఎవరి తల్లికో పక్క వేస్తున్నాను. సెలవివ్వలేదు. తిరిగొచ్చిన రోజే ఇది కొన్నాను. అప్పటికి నీ పథ్యం రోజులు అయిపోయాయి." నూబియా పట్టీ అంచు సవరిస్తూ ఉండిపోయింది. "నీకు కాపడం ఎవరు పెట్టారే? ఇన్నేళ్ళూ అడగడానికి నోరు రాలేదు."

"ఎవరూ పెట్టలేదు. రబ్బరు సంచీలో వేడినీళ్ళు పోసి నేనే పెట్టుకున్నా. వెనక్కి చెయ్యి అందేది కాదు."

"ఒక్కసారైనా అనలేదే."

"అంటే అక్కడ ఫోను పట్టుకుని ఏడ్చేదానివి. నేనేం చేయను?"

నూబియా అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. మర్యోరి తన గదిలోకి వెళ్ళి అలమారు అడుగునుంచి ఎర్రటి రబ్బరు సంచీ తెచ్చింది.

"ఇది తీసుకెళ్ళు. దీనికి ఏ దేశపు కరెంటూ అక్కర్లేదు."

నూబియా మూత విప్పి వాసన చూసింది. దాంతోనే వంటింట్లోకి నడిచి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

"ఇప్పుడెందుకమ్మా?"

"కారుతుందేమో చూడొద్దూ? బోర్లా పడుకో."

"ఈ ఎండలోనా? పిల్లాడు బడికి కూడా వెళ్తున్నాడు, ఇప్పుడు నాకు కాపడమా?"

"పడుకోమన్నానా."

మర్యోరి పెట్టెను పక్కకు జరిపి పడుకుంది. నూబియా సంచీకి తువ్వాలు చుట్టి కూతురి నడుము మీద ఉంచి, పైన అరచెయ్యి ఆనించింది.

"వేడెక్కువైందా తల్లీ?"

"లేదు." మర్యోరి గొంతు దిండులోంచి తడిగా వచ్చింది. "ఇంకొంచెం కిందికి."