మంచి కాలు

పొద్దున్నే కుట్టుమిషను చప్పుడు వినబడితేనే ఇంట్లోకి ప్రాణం వచ్చినట్టుండేది టైలరుగారి భార్యకి. ఆయన నిచ్చెన మీంచి పడి వెన్నుకు దెబ్బ తగిలించుకున్నాక మిషను కొన్ని నెలలు మూగబోయింది. ఇప్పుడు మళ్లీ తొక్కుతున్నాడు, ఎడమ కాలితోనే. కుడి కాలు చెప్పిన మాట వినడం లేదు. ఇంట్లోవాళ్లు ఆ రెండింటికీ పేర్లు కూడా పెట్టేశారు: మంచి కాలు, బద్ధకం కాలు.

టీ గ్లాసు అందించబోయి ఆవిడ అలాగే నిలబడిపోయింది. మంచి కాలి పాదం మీద పెద్ద నీటిబొబ్బ.

"ఏమిటండీ ఇది?"

ఆయన వంగి చూశాడు. ముఖం పాలిపోయింది. "ఎక్కడో ఒరుసుకుని ఉంటుందిలే."

"ఒరుసుకుంటే ఇంత బొబ్బ లేస్తుందా? ఇది కాలిన బొబ్బ!" ఆవిడ లోపలి గది వైపు తిరిగింది. "ఏమ్మా, నిన్న సాయంత్రం మీ మావయ్య కాలికి వేడినీళ్లు పెట్టింది నువ్వేగా?"

గుండీలు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి వచ్చింది కోడలు. రోజంతా తొక్కి అలిసిపోతుందని సాయంత్రం మంచి కాలికి వేడినీళ్ల కాపడం పెట్టడం ఆ ఇంటి అలవాటు.

"నేనే అత్తయ్యా. సరిపోయిందా అని అడిగాను కూడా. మావయ్యగారు కాలు పెట్టి చూసుకుని, హాయిగా ఉందన్నారు."

"నీ చెయ్యి పెట్టి చూస్తే అరిగిపోతుందా?"

"ఆయన కాలే పెట్టి చూస్తుంటే, ఇక నా చెయ్యెందుకనుకున్నాను."

"ఫోనులో కబుర్లాడుతూ పొయ్యి మీది నీళ్లు అలాగే తెచ్చి పోసుంటావు. నీ కన్నతండ్రికైతే ఇలాగే పోస్తావా?"

కోడలు లోపలికెళ్లి, కాసేపటికి చేతిసంచితో వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి కానీ గొంతు నిలకడగానే ఉంది. "కొన్నాళ్లు మా అమ్మ దగ్గరుంటాను అత్తయ్యా. మావయ్యగారి పనులు మీరే చూసుకోండి."

అప్పటిదాకా కదలని టైలరుగారు గొంతు సవరించుకున్నాడు.

"ఆగమ్మా. నీళ్ల తప్పు కాదు. నిజంగానే నాకు హాయిగా ఉంది. ఈ కాలికి వేడి తెలియదు. నొప్పీ తెలియదు."

"మంచి కాలు కదండీ అది!" అంది ఆవిడ.

"కదలడానికి మంచిదే. డాక్టరు అప్పుడే చెప్పాడు. వెన్నుపూసల లోపలుండే నరాల తాడుకు నాకు కుడివైపే దెబ్బ తగిలింది. కుడి కాలికి కదలమని చెప్పే దారం ఆ పక్కనుంచే దిగుతుందట, అందుకే ఆ కాలు పడిపోయింది. వేడీ నొప్పీ మోసే దారం అలా కాదు. ఎడమ కాలినుంచి తాడులోకి రాగానే కుడివైపుకు దాటేసి తలలోకి పోతుంది. దెబ్బ తగిలిన చోట అదీ తెగింది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మిషన్నీ ఇస్త్రీపెట్టెనీ మూలకి నెట్టి, నన్ను కుర్చీకి అంటించేస్తావు. అలా బతకడం నావల్ల కాదే."

ఆవిడ కోడలి దగ్గరికెళ్లి సంచి పట్టుకుంది.

"కన్నతండ్రి మాట నేననకూడదమ్మా."

"అన్నారుగా అత్తయ్యా. నీళ్ల మాట కాదు, అదే గుచ్చుకుంది."

"తెలుసు. అనేటప్పుడే తెలుసు." "కోపం కాదే తల్లీ, భయం. ఆయనకి మిగిలింది ఆ ఒక్క కాలే కదా అనుకున్నాను."

కోడలు సంచి వదిలేసింది. "నేను వెళ్లి ఆటో తెస్తాను. బొబ్బ డాక్టరుకి చూపించాలి. మిషను ఎవరూ తీయరు మావయ్యా. ఇస్త్రీ మాత్రం ఇకనుంచి నాది."

"బేరం బాగానే ఉంది," అన్నాడాయన.

కోడలు చెప్పులేసుకుంటుంటే ఆవిడ కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. బద్ధకం కాలు వైపు చూసింది. దానికి ఏమీ తెలియదనుకుని, ఇన్ని నెలల్లో తుడిచిందే తప్ప ఒక్కసారైనా ఊరికే నిమరలేదు. మరి దీని వేడి దారం ఎడమవైపుకే దాటాలి కదా, అటు దెబ్బ తగల్లేదుగా. టీ గ్లాసు కింద పెట్టి, దాని వేడి ఇంకా ఉన్న అరచేతిని మెల్లగా ఆ పాదం మీద పెట్టింది.

"ఇది తెలుస్తోందా?"

ఆయన కళ్లు మూసుకున్నాడు. "వెచ్చగా ఉంది. తియ్యకు."

ఆవిడ చెయ్యి తియ్యలేదు. ఏడుస్తూనే, గుమ్మంలో నిలబడిపోయిన కోడలిని రెండో చేత్తో పిలిచింది. "నువ్వూ రా తల్లీ. వచ్చి చూడు."